పగడానికి ఇంటిపేరు

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయిన నెల ఇదే పేజీలో సముద్రపు పగడాల గురించి రాస్తూ చివర్లో ఒక మాట అనేశాను. నలభై కోట్ల ఏళ్ల కిందటి డెవోనియన్ కాలపు పగడాలకు ఇప్పటి పగడాలు మునిమనవలు అని. ఎక్కడో చదివినట్టు గుర్తు. మాట బాగుంది కదా అని మళ్లీ చూసుకోకుండా రాసేశాను. పత్రిక చేతికొచ్చిన నాలుగోనాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది. చూస్తే మా వెనక చాల్‌లో ఉండే పిల్ల. వాళ్ల నాయన పవర్‌లూమ్ మీద టవళ్లు నేస్తాడు. ఈ పిల్ల కాలేజీలో జియాలజీ చదువుతోంది, బీఎస్సీ ఆఖరు సంవత్సరం. ఒక చేతిలో మన పత్రిక, ఇంకో చేతిలో ప్రాక్టికల్ రికార్డు.

"తాతా, మీరు తప్పు రాసిన్రు," అంది, ఇంకా కూర్చోనే లేదు.

"ఏం తప్పు బిడ్డా?"

"మునిమనవలు కాదు. అసలు ఆ ఇంటోళ్లే కాదు."

నాకు కొంచెం పొడుచుకుంది, దాచుకోను. నలభై ఏళ్లు మగ్గాల మధ్య పనిచేసి, రాత్రిళ్లు పుస్తకాలు చదివి, పదకొండేళ్లుగా ఈ పేజీ రాస్తున్నవాణ్ణి. అయినా టీ పెట్టమని ఇంట్లో చెప్పి, "చెప్పు" అన్నాను. రెండు గంటలు చెప్పింది. ఆమె చెప్పింది, ఆ తర్వాత నేను వెతికి సరిచూసుకున్నది కలిపి ఈ నెల రాస్తున్నాను. పోయిన నెల వాక్యాన్ని దయచేసి కొట్టేసుకోండి.

రికార్డు నేల మీద పరిచింది. మా ఇంటి నేల షాబాదు బండ, మీలో సగం మంది ఇళ్లలో ఉన్నదే. మా మనవడు బండ మీద వేలు పెట్టి, "అక్కా, దీంట్ల కూడ పగడాలుంటయా?" అని అడిగాడు. ఉండవట. షాబాదు బండ అయినా, కడప బండ అయినా సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయే. కానీ అది పేరుకున్న నాటికి పగడాలు ఇంకా పుట్టనే లేదు. ఎంత పగలగొట్టినా అందులో ఒక్క పగడం దొరకదు. మనం రోజూ చాపేసుకుని పడుకునే బండ, ఈ నెల కథలోని జీవులన్నిటికంటే పాతది.

సరే, పగడం దగ్గరికి వద్దాం. మనకు పగడమంటే తాళిబొట్టుకు అటూ ఇటూ గుచ్చే ఎర్రపూస, లేకపోతే కుజదోషమని వేలికి పెట్టుకునే రాయి. రామేశ్వరం వైపు వెళ్లినవాళ్లు ఇంకో రకం చూసి ఉంటారు, ఒడ్డున పడి ఉండే తెల్లటి చిల్లుల రాళ్లు. రెండూ ఒక రకమైన మెత్తటి జీవి కట్టుకున్నవే. ఆ జీవిని పాలిప్ అంటారు. ఒక చిన్న సంచి, పైన నోరు, నోటి చుట్టూ చేతుల్లాంటి పోగులు. అంతే దాని ఒళ్లు. నీళ్లలోంచి సున్నం తీసుకుని కింద గట్టి గూడు కట్టుకుంటుంది. అది చచ్చిపోయినా గూడు మిగులుతుంది.

ఇక్కడే మొదటి తిరకాసు. తాళిలోని ఎర్ర పగడానికి, రామేశ్వరం ఒడ్డు మీది తెల్లరాయికి దగ్గరి చుట్టరికం లేదు. మధ్యధరా సముద్రం నుంచి వచ్చే ఆ ఎర్రదాని పాలిప్‌కు ఎనిమిది చేతులు. దిబ్బలు కట్టే రాతి పగడాలకు ఆరు, లేదా ఆరు చొప్పున పెరిగే లెక్క. ఈ రెండు వంశాలూ డెవోనియన్ కాలానికి చాలా ముందే విడిపోయాయి. మనం మాత్రం రెంటినీ పగడమనే అంటాం. బయటివాళ్లకు మనమంతా ఒక్కటే తెలుగోళ్లం. పెళ్లి సంబంధం మాట్లాడే రోజున కదా ఇంటిపేరు, ఊరు, గోత్రం అన్నీ బయటికొచ్చేది! పగడాల విషయంలో శాస్త్రవేత్తలు చేసింది కూడా ఆ విచారణే. మొహం చూసి చుట్టరికం కలపకూడదని నేర్చుకోవడానికి వాళ్లకు వందేళ్లకు పైగా పట్టింది.

డెవోనియన్ అంటే ఏమిటో కూడా చెప్పాలి. సుమారు 42 కోట్ల ఏళ్ల కిందట మొదలై, 36 కోట్ల ఏళ్ల కిందట ముగిసిన కాలం. డైనోసార్లు రావడానికి ఇంకా పన్నెండు పదమూడు కోట్ల ఏళ్లుంది. నేల మీద అడవులు అప్పుడే మొదలవుతున్నాయి, సముద్రం నిండా చేపలు. డెవాన్ అనేది ఇంగ్లండులో ఒక జిల్లా. దాని పేరు ఒక కాలానికి రావడానికి పగడాలు కూడా ఒక కారణమని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

1830లలో డెవాన్ రాళ్ల వయసు మీద ఇంగ్లండు పెద్దలు పెద్ద తగాదా పడ్డారు. అక్కడ రాతిపొరలు మడతలు పడి, నలిగి ఉంటాయి. ఏది కింద, ఏది పైన అని పొరల వరస చూసి చెప్పడం కష్టం. అప్పుడు విలియం లాన్స్‌డేల్ అనే ఆయన ఆ జిల్లా దక్షిణ భాగపు సున్నపురాళ్లలోని పగడాలను, చిప్పలను పట్టుకుని కూర్చున్నాడు. ఈయన ఒకప్పటి సైనికుడు, వాటర్లూ యుద్ధంలో ఉన్నవాడు. సైన్యం వదిలాక రాళ్ల మీద మనసు పడి, లండన్‌లో జియలాజికల్ సొసైటీ మ్యూజియంలో ఉద్యోగంలో చేరాడు. ఆయన చెప్పిందేమిటంటే, ఈ పగడాల్లో కొన్ని పాత సైలూరియన్ కాలపు వాటిలా ఉన్నాయి, కొన్ని తర్వాతి బొగ్గు కాలపు వాటిలా ఉన్నాయి, పూర్తిగా అటూ కావు ఇటూ కావు, అంటే ఈ రాళ్లు ఆ రెండు కాలాల నడిమివి అయి ఉండాలి. 1837లో ఈ మాట వచ్చింది. 1839లో సెడ్జ్‌విక్, మర్చిసన్ అనే ఇద్దరు పెద్దలు ఆ నడిమి కాలానికి డెవోనియన్ అని పేరు పెట్టారు. పేరు వాళ్లకు దక్కింది. దారి చూపిన లాన్స్‌డేల్‌ను ఇప్పుడు ఎవరు తలుస్తారు? మిల్లులో కూడా అంతే కదా, డిజైన్ కనిపెట్టినవాడు ఒకడు, చీర మీద ముద్ర ఇంకొకరిది.

ఆ డెవోనియన్ సముద్రంలో పగడాలు ముఖ్యంగా రెండు ఇళ్లవి. ఒక ఇంటి పేరు రుగోసా. ముడతలది అని అర్థం, గూడు పైన అడ్డంగా ముడతలుంటాయి కాబట్టి. రెండో ఇల్లు టాబ్యులేటా, పలకలది. ఈ రెండు పేర్లూ 1850లో మిల్న్-ఎడ్వర్డ్స్, ఎమ్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు పెట్టినవి.

రుగోసాల్లో ఒంటరిగా బతికేవి చిన్న ఎద్దుకొమ్ములా ఉంటాయి. కొమ్ము మొన కింద, వెడల్పు నోరు పైన, ఆ నోట్లో పాలిప్ కూర్చుంటుంది. లోపల నోటి నుంచి చుట్టూ చక్రం ఆకుల్లా నిలువు రేకులు. చాలావాటికి ఇప్పటి పగడాల్లా బండను గట్టిగా పట్టుకోవడం చేతకాదు, బురద మీద పక్కకు ఒరిగి నోరు మాత్రం పైకి తిప్పుకునేవి. గుంపుగా బతికేవీ ఉన్నాయి. అమెరికాలో మిషిగన్ సరస్సు ఒడ్డున పెటోస్కీ రాయి అని దొరుకుతుంది, ఆ రాష్ట్రపు అధికార శిల అది. పొడిగా ఉంటే మామూలు బూడిదరంగు గులకరాయి. నీళ్లలో ముంచితే ఆరు మూలల గళ్లు, గడి గడిలో సూర్యుడి కిరణాల్లా రేకులు తేలతాయి. అది డెవోనియన్ రుగోసా, హెక్సగొనేరియా అని పేరు.

టాబ్యులేటాలు ఎప్పుడూ గుంపే. సన్నటి గొట్టాలు పక్కపక్కన వందలుగా అతుక్కుని తేనెపట్టులా ఉంటాయి. నిలువు రేకులు ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. గొట్టంలో అడ్డంగా పలకలు మాత్రం వరసగా ఉంటాయి. పాలిప్ పెరిగేకొద్దీ పైకి జరిగి, కింద ఒక పలక వేసుకుంటుంది, మళ్లీ జరిగి మళ్లీ వేసుకుంటుంది. మన పాత చాల్‌ను నిలువునా కోసి చూస్తే అంతస్తు మీద అంతస్తు ఎలా కనిపిస్తుందో అలా. తేడా ఒక్కటే, ఇక్కడ కాపురం పై అంతస్తులో మాత్రమే, కిందివన్నీ ఖాళీ గదులు.

మొహం చూసి మోసపోయిన కథలు ఆ రికార్డులో చాలా ఉన్నాయి. నాకు అన్నిటికంటే నచ్చింది కాల్సియోలా. పేరుకు అర్థం చిన్న చెప్పు. ముందు కొస తేలిన జోడులా, అడుగు చదునుగా ఉంటుంది. దాని నోటికి సరిగ్గా సరిపోయే మూత కూడా ఉంటుంది. జర్మనీలో ఐఫెల్ కొండల డెవోనియన్ రాళ్లలో బాగా దొరుకుతుంది. మూత ఉన్న పగడాన్ని ఎవరు చూశారు? చాలాకాలం దాన్ని రెండు చిప్పల జీవి అనుకుని చిప్పల్లోనే కలిపారు. 1860లలో లిండ్‌స్ట్రోమ్ అనే స్వీడన్ ఆయన, తమ గాట్‌లాండ్ దీవిలో దొరికే ఇంకో పాత పగడాన్ని పక్కన పెట్టి చూపించాడు. ఆ పగడానికి నాలుగు మూతలు! మూత ఉన్నంత మాత్రాన చిప్ప కాదు, లోపలి రేకులు చూడండి అన్నాడు. చెప్పు తిరిగి పగడాల ఇంటికి వచ్చింది. మా పిల్ల రికార్డులో దాని బొమ్మ పెన్సిల్‌తో ఎంత నీటుగా వేసిందో! మా మనవడు మాత్రం "రెండోది ఏది?" అని జోడు కోసం వెతికాడు.

ఇంకోటి ప్లూరోడిక్టియం. జర్మనీ రాళ్లలోనే చిన్న గుండ్రటి పగడం, నడుమ పాములా వంకర తిరిగిన గుర్తు. దానికి శాస్త్రీయ నామమే ప్రాబ్లమాటికం, అంటే సమస్య! ఆ పాము దాని అవయవం కాదు, దానితో కలిసి కాపురం చేసిన పురుగు గొట్టం. ఇద్దరి ఇల్లు చూసి ఒక్కరి ఒళ్లు అనుకున్నారు.

టాబ్యులేటాల ఇల్లు మొత్తానికే ఒకసారి గండం వచ్చింది. 1970 ప్రాంతంలో జమైకా తీరంలో, సముద్రం లోపలి గుహల చీకట్లో, గట్టి సున్నపు గూడు కట్టే స్పాంజీలు ఇంకా బతికే ఉన్నాయని బయటపడింది. వాటి గూడు చూస్తే అచ్చం పాతకాలపు గొట్టాల "పగడాల" లాగుంది. దాంతో కీటెటిడ్లు అనే ఒక గుంపును పగడాల్లోంచి తీసి స్పాంజీల్లో చేర్చారు, అది సరైనదే. డెవోనియన్ దిబ్బలు కట్టడంలో ముఖ్యమైన మేస్త్రీలైన స్ట్రొమాటోపొరాయిడ్లు కూడా స్పాంజీలేనని తేలింది. కొందరు ఇంకాస్త ముందుకెళ్లి, తేనెపట్టు పగడాలు కూడా స్పాంజీలే అన్నారు. మరి సాక్ష్యం ఎలా? పాలిప్ మెత్తటి ఒళ్లు, కుళ్లిపోతుంది, రాతిలో మిగలదు. కానీ 1985లో పాల్ కాపర్ అనే ఆయన కెనడాలోని అంటికోస్టి దీవిలో దొరికిన ఒక ఫేవొసైటిస్ ముద్దను చూపించాడు. సుమారు 43 కోట్ల ఏళ్ల నాటిది. గొట్టాల్లో పాలిప్‌లు ఉన్నవి ఉన్నట్టు రాయిగా మారి ఉన్నాయి, ఒక్కోదానికి పన్నెండు చేతులు. స్పాంజీకి చేతులెక్కడివి? ఆ గొడవలో పగడం వైపు తక్కెడ బాగా ఒరిగింది.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తాను.

డెవోనియన్ రుగోసా కొమ్మును, ఇప్పటి సముద్రంలో ఒంటరిగా పెరిగే రాతి పగడాన్ని పక్కపక్కన పెట్టండి. రెంటికీ గిన్నెలాంటి నోరు, నోట్లో చక్రం ఆకుల్లాంటి రేకులు. అన్నదమ్ములంటే నమ్మేస్తాం. నేను నమ్మాను, నాకు ముందు చాలామంది శాస్త్రవేత్తలూ నమ్మారు. కానీ మగ్గం మీద చేసినవాడు బట్టను పైనుంచి చూసి ఊరుకోడు. తిరగేస్తాడు, అంచు దగ్గర ఒక పోగు లాగుతాడు. పగడానికి ఆ పని 1869లో ఆల్బ్రెఖ్ట్ కుంట్ అనే జర్మన్ చేశాడు. కొమ్ము మొన అంటే పగడం పసితనం, నోరు అంటే ముసలితనం. మొన నుంచి నోటిదాకా పలచటి ముక్కలుగా కోసుకుంటూ, నున్నగా రుద్దుకుంటూ పోతే, ఏ రేకు ముందు పుట్టింది, ఏది తర్వాత పుట్టింది అనేది ఆ జీవి జాతకంలా కనబడుతుంది.

మొనలో రెంటికీ ఆరు రేకులే. ఆరు రేకుల మధ్య ఆరు సందులు. ఇప్పటి రాతి పగడంలో కొత్త రేకులు ఆరు సందుల్లోనూ సమంగా వస్తాయి, ఆరు, పన్నెండు, ఇరవైనాలుగు అని. రుగోసాలో అలా కాదు. నాలుగు సందుల్లోనే కొత్త రేకులు పుడతాయి, మిగిలిన రెండు సందులు అలాగే ఉండిపోతాయి. పుట్టే నాలుగు చోట్ల కూడా సందు నడుమ కాకుండా ఒక పక్కనుంచి వరస కడతాయి. నోటి దగ్గరికి వచ్చేసరికి రేకులు కిక్కిరిసిపోయి, మామూలు కంటికి ఈ తేడా దాదాపు తెలియదు. ముసలివాళ్లయ్యాక అందరి మొహాలూ ఒకేలా ముడతలు పడ్డట్టు. చిన్నప్పటి ముక్క కోసి చూస్తేనే ఇంటిపేరు దొరుకుతుంది.

రెండో సాక్ష్యం సున్నం. ఇద్దరి గూడూ ఒకే పదార్థం, కాల్షియం కార్బొనేట్. కానీ రుగోసాలు దాన్ని కాల్సైట్ అనే తీరులో పేర్చాయి, ఇప్పటివి అరగొనైట్ అనే తీరులో పేరుస్తాయి. నూలు ఒకటే, నేత వేరు.

మూడోది కాలం. డెవోనియన్ చివర్లో, 37 కోట్ల ఏళ్ల కిందట, సముద్రాలకు పెద్ద దెబ్బ తగిలింది. జర్మనీలో కెల్వాసర్ అనే లోయలో ఆ దెబ్బ గుర్తులు నల్లటి పొరలుగా కనిపిస్తాయి, నీళ్లలో ప్రాణవాయువు పడిపోయిందనడానికి ఆనవాళ్లు అవి. అసలు కారణం మీద ఇంకా వాదాలున్నాయి. దిబ్బలు కూలిపోయాయి. లోతు తక్కువ నీళ్లలో ఉండే రుగోసాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలిన కొద్ది వాటి నుంచి బొగ్గు కాలంలో మళ్లీ వంశం పెరిగింది. ఆ తర్వాత 25 కోట్ల ఏళ్ల కిందట, పెర్మియన్ చివర్లో, సైబీరియాలో లావా పొంగిన కాలాన అన్నిటికంటే పెద్ద వినాశనం. రుగోసా, టాబ్యులేటా రెండు ఇళ్లకూ అక్కడితో సరి. దీపం పెట్టే దిక్కు లేదు. ఆ తర్వాత కోటి ఏళ్ల దాకా రాళ్లలో పగడమే లేదు. 24 కోట్ల ఏళ్ల కిందట ట్రయాసిక్ కాలంలో హఠాత్తుగా కొత్త పగడాలు కనిపిస్తాయి, ఆరు సందుల లెక్కతో, అరగొనైట్ గూళ్లతో. వీటి పిల్లలే ఇవాళ్టి దిబ్బలన్నీ.

"మరి వీళ్లు ఎవరి పిల్లలు? ఆకాశంలోంచి ఊడిపడ్డారా?" అన్నాను, ఓడిపోతున్నవాడి పంతంతో.

పిల్ల నవ్వింది. "ఇల్లు లేనోళ్ల పిల్లలు తాతా."

ఆ మాటకు అర్థం ఇది. సముద్రంలో రాతి గూడు కట్టుకోని పాలిప్‌లు కూడా ఉన్నాయి, సీ అనిమోన్ అంటారు. ఒళ్లంతా మెత్తన. ఇప్పటి పగడాల పూర్వీకులు చాలాకాలం అలా గూడు లేకుండా బతికి ఉండవచ్చని ఒక వాదం. గూడు లేకపోతే రాతిలో గుర్తు ఉండదు, అందుకే కోటి ఏళ్ల ఖాళీ. వినడానికి కల్పనలా ఉంది కానీ 2007లో ఇజ్రాయెల్‌లో ఫైన్, చెర్నోవ్ అనే ఇద్దరు చేసి చూపించారు. రెండు రకాల పగడాలను ఆమ్లం పెంచిన నీళ్లలో ఏడాది పాటు ఉంచారు. గూడు మొత్తం కరిగిపోయింది. పాలిప్‌లు చావలేదు, అనిమోన్‌లలాగా విడివిడిగా మెత్తగా బతికాయి. మళ్లీ మామూలు నీళ్లలో పెడితే గూడు కట్టడం మొదలుపెట్టాయి. ఇది చదువుతుంటే మా మిల్లు గేటుకు తాళం పడ్డ ఏడు గుర్తొచ్చింది, మగ్గం పోయింది, మనుషులం ఎలాగో ఉన్నాం. ఆ సంగతి ఇంకో నెల.

ఇంకా రెండు సాక్ష్యాలున్నాయి. స్కాట్లండ్‌లో సుమారు 45 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో, అంటే డెవోనియన్ కంటే ముందే, ఆరు సందుల లెక్కతో పెరిగిన పగడాలు దొరికాయని 1991లో స్క్రటన్, క్లార్క్‌సన్ ప్రకటించారు. అవి ఒకసారి కనిపించి మాయమవుతాయి. 2011లో స్టొలార్స్‌కీ, ఆయనతో పనిచేసినవాళ్లు లోతు సముద్రపు పగడాల డీఎన్‌ఏ పోల్చి, ఇప్పటి రాతి పగడాల వంశం 42 కోట్ల ఏళ్లకు పైబడినదని లెక్క తేల్చారు. అంటే ఏమైంది చూడండి. డెవోనియన్ దిబ్బల మీద రుగోసాలు రాజ్యం చేస్తున్నప్పుడు, ఇప్పటి పగడాల ముత్తాతలు ఆ సముద్రాల్లోనే ఎక్కడో ఉన్నారు. గూడు ఉందో లేదో తెలియదు, ఉన్నా ఎవరి కంటా పడలేదు. కాబట్టి మునిమనవలు కాదు. మొనలోని ఆరు రేకులు చూస్తే ఎంతో పైన ఎక్కడో ఒక తాత కలుస్తాడు, అందుకని పాలోళ్లు అనవచ్చు. ఒకరి ఇల్లు కూలింది, ఇంకొకరు అదే పనిని సొంతంగా మళ్లీ నేర్చుకున్నారు.

రుగోసా, టాబ్యులేటాల తల్లిదండ్రులెవరు అని మీరు అడుగుతారు. ఆర్డోవిషియన్ కాలంలో, 47, 48 కోట్ల ఏళ్ల కిందట, ముందు టాబ్యులేటాలు, కొంచెం తర్వాత రుగోసాలు రాళ్లలో కనిపిస్తాయి. రుగోసాలు టాబ్యులేటాల నుంచి చీలాయా, ఎవరికి వారే మెత్తటి పాలిప్‌ల నుంచి వచ్చారా అనేది ఇంకా తేలలేదు. పోయిన నెల తొందరపడ్డాను కాబట్టి ఈ నెల నేను ఏ వైపూ చెప్పను.

ఒక్క సంగతి మాత్రం చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు, వర్గీకరణకు సంబంధం లేకపోయినా సరే. రుగోసా పైన ముడతలున్నాయన్నాను కదా. కాపాడుకుని ఉన్న మంచి ముక్క మీద ఆ ముడతల మధ్య వెంట్రుకంత సన్నటి గీతలుంటాయి, రోజుకొకటి. సంవత్సరానికొకసారి పెద్ద పట్టీ పడుతుంది. 1963లో అమెరికాలో జాన్ వెల్స్ అనే ఆయన డెవోనియన్ పగడాల మీద ఏడాది పట్టీలో గీతలు లెక్కపెట్టాడు. మనం కౌంటింగ్ గ్లాసు పెట్టి అంగుళానికి ఎన్ని పిక్కులో లెక్కపెట్టమూ, అలాగే. 365 రావాలి. వచ్చినవి 400 దరిదాపు. భూమి సూర్యుణ్ణి చుట్టే కాలం మారలేదు, మరి రోజులు ఎక్కువున్నాయంటే ఒక్కో రోజు చిన్నదన్నమాట, సుమారు 22 గంటలు. చంద్రుడి వల్ల వచ్చే ఆటుపోట్ల రాపిడికి భూమి తిరుగుడు నెమ్మదిస్తోందని ఖగోళశాస్త్రం వాళ్లు అంతకుముందే లెక్క కట్టారు, వంద ఏళ్లకు సెకనులో వెయ్యో వంతులు రెండు చొప్పున. ఆ లెక్కకు రాతి మీద సంతకం దొరికింది. ఎనిమిది గంటల చొప్పున మూడు షిఫ్టులు నడిపే మేనేజరుకు డెవోనియన్‌లో చాలా ఇబ్బంది అయ్యేది.

ఇదంతా అయ్యేసరికి టీ రెండుసార్లు అయింది. మా ఇంటావిడ వంటగది గుమ్మంలో నిలబడి ఎప్పటినుంచి వింటోందో, మెడలోని తాళి ముందుకు తీసి పిల్లకు చూపించింది. "మా అమ్మ పెట్టిన పగడాలే బిడ్డా ఇవి. వీటిది ఏ ఇల్లో చూడు."

పిల్ల కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. రెండు పూసల్లో ఒకదాని మీద నిలువు గీతలు సన్నగా కనిపించాయి. "ఇది నిజం పగడమే అమ్మమ్మా, ఎనిమిది చేతులది. గీతలున్నయ్ చూడుండ్రి." రెండోదాన్ని గోటితో గీకి, వెలుతురుకు పట్టి, కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇది గాజు," అంది మెల్లగా.

మా ఇంటావిడ నా వైపు చూసింది. ఆ పూస ఊడిపోతే ముప్పై ఏళ్ల కిందట బజారులో మార్చి తెచ్చింది నేనే. ఎంతకు కొన్నానో అప్పట్లో ఇంట్లో చెప్పిన లెక్క ఒకటి, ఇచ్చింది ఒకటి. ఈ నెల పత్రిక ఇంట్లో అందరూ చదువుతారు కాబట్టి ఆ తప్పు కూడా ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

రికార్డు సోమవారం సార్ సంతకానికి పెట్టాలట, ఆదివారం లోపు తిరిగి ఇమ్మని చెప్పి వెళ్లింది. కాల్సియోలా బొమ్మ పేజీ మీద మా మనవడి టీ మరక ఒకటి పడింది. దాన్ని ఎలా తీయాలో తెలిసినవాళ్లు చెప్పండి.